గ్లాస్గోలో చెప్పిన మాటను పార్లమెంటులో రాయండి
తెలుగు రాష్ట్రాల ఎంపీలకు ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పార్లమెంటు సభ్యులకు నమస్కారం.

లోక్‌సభలో మీరు 42 మంది, రాజ్యసభలో 18 మంది ఉన్నారు. అరవై మందికీ కలిపి ఒకే లేఖ రాస్తున్నాను, ఎందుకంటే నేను అడగబోయే పని ఏ ఒక్క పార్టీతోనూ అయ్యేది కాదు. 2070 నాటికి భారతదేశం నికర శూన్య ఉద్గారాల స్థాయికి, అంటే గాలిలోకి వదిలే కర్బనమూ తిరిగి తీసేసే కర్బనమూ సమానమయ్యే స్థితికి చేరుతుందని 2021 నవంబరులో ఐక్యరాజ్యసమితి గ్లాస్గో వాతావరణ సదస్సులో ప్రధానమంత్రి ప్రకటించారు. ఆ తర్వాత మన సభల్లో వాతావరణ మార్పు మీద చర్చలు జరిగాయి, ప్రశ్నలకు మంత్రులు జవాబులు ఇచ్చారు. కానీ ఆ లక్ష్యాన్ని ఒక బిల్లుగా సభ ముందు పెట్టి, దానిపై ఓటు వేసి, చట్టంగా మార్చడం మాత్రం జరగలేదు. ఆ పనికి మీరు పూనుకోవాలని కోరడానికే ఈ లేఖ.

నా సంగతి రెండు మాటల్లో చెబుతాను, చెప్పకపోతే ఈ లేఖను అపార్థం చేసుకునే ప్రమాదం ఉంది. మాది గోదావరిఖని. మా నాన్న బాయిలో, అంటే బొగ్గు గనిలో, కోల్ ఫిల్లర్‌గా పనిచేశారు. మా ఇంట్లో ఉడికిన అన్నమూ, నా చదువూ, మా అక్క పెళ్లీ బొగ్గు జీతంతోనే జరిగాయి. నేను ముప్పై ఏళ్లకు పైగా హైస్కూలులో భౌతికశాస్త్రం చెప్పి విశ్రాంతి తీసుకున్నాను. కాబట్టి రేపటికి రేపు గనులు మూసేయమని అడిగేవాళ్లలో నన్ను చేర్చకండి.

గత వేసవిలో నేనూ, నా పాత విద్యార్థులు కొందరూ కలిసి ఇదే కోరికతో సంతకాలు సేకరించాం. నాలుగు ఆదివారాలు బస్టాండు దగ్గర చెట్టు కింద ఒక మడత బల్ల వేసుకుని కూర్చున్నాం. పొద్దున తొమ్మిది దాటితే ఆ బల్ల ఇనుప అంచును చేత్తో పట్టుకోలేకపోయేవాళ్లం. వాతావరణ బులెటిన్లలో రాష్ట్రంలో అత్యధిక ఉష్ణోగ్రత అంటూ రామగుండం పేరు వినడం మాకు చిన్నప్పటి నుంచీ అలవాటే. అయినా ఎండ గురించి మేం ఎవరికీ పాఠం చెప్పాల్సిన అవసరం రాలేదు. పైగా ఆగినవాళ్లే మాకు చెప్పారు, ఫస్ట్ షిఫ్టు దిగి ఇంటికొచ్చాక నిద్ర పట్టడం లేదని, రాత్రి పదకొండుకూ గోడలు సెగలు కక్కుతున్నాయని. ఇబ్బంది ఎక్కడ వచ్చిందంటే సంతకం దగ్గర. ఒకావిడ కాగితం మొత్తం చదివించుకుని, పెన్ను చేతిలో పట్టుకుని, "సార్, నేను సంతకం పెడితే బాయి మూస్తరా?" అని అడిగింది. భర్త చనిపోయాక ఆ ఉద్యోగం కొడుక్కి రావాలి, ఆ ఫైలు ఇంకా కదలలేదు. నేను ఇచ్చిన జవాబు నాకే సరిపోయినట్టు అనిపించలేదు. ఆవిడ ప్రశ్నను ఈ లేఖలో మళ్లీ ఎత్తుతాను.

మొదట మన లక్ష్యం ఏమిటో స్పష్టంగా చూద్దాం, ఎందుకంటే దీన్ని సరిగా చదవని చదువుకున్నవాళ్లను కూడా చాలామందినే చూశాను. 2005తో పోలిస్తే 2030 నాటికి ఉద్గార తీవ్రతను 45 శాతం తగ్గిస్తామన్నది మన హామీల్లో ఒకటి. దీన్ని విని దేశం వదిలే పొగ సగానికి దగ్గరగా తగ్గబోతోందని అనుకుంటారు. అలా కాదు. వెయ్యి రూపాయల విలువైన ఉత్పత్తికి 2005లో ఎంత కర్బనం గాలిలోకి వెళ్లిందో, 2030లో అదే విలువకు అందులో 45 శాతం తక్కువ వెళ్లాలన్నది దాని అర్థం. ఈలోగా దేశ ఉత్పత్తి నాలుగింతలైందనుకోండి, ఒక్కో వెయ్యికి వెళ్లే పొగ 55 శాతానికి తగ్గినా మొత్తం పొగ రెండింతలు దాటుతుంది. తరగతిలో ఈ లెక్క వేయిస్తే పిల్లలు మొదట నమ్మరు, రెండోసారి వేసి చూసుకుంటారు. ఇందులో మోసం ఏమీ లేదు, ఇంకా ఎదగాల్సిన దేశానికి ఇలాంటి కొలమానం సబబే. ఈ దారిలో మనం చెప్పుకోదగినంత దూరం వచ్చాం కూడా: 2005 నుంచి 2020 మధ్య తీవ్రత 36 శాతం తగ్గిందని ప్రభుత్వం ఐక్యరాజ్యసమితికి ఇచ్చిన నివేదికలో ఉంది. అయితే ఈ కొలమానం నుంచి మొత్తం ఉద్గారాలు ఏ సంవత్సరంలో శిఖరానికి చేరి, ఎప్పటి నుంచి దిగుతాయో తెలియదు. 2030కీ 2070కీ మధ్య నలభై ఏళ్లు ఉన్నాయి. ఎన్నికలు వేళకు జరిగితే 2024 తర్వాత 2070 లోపు ఇంకా తొమ్మిది సార్వత్రిక ఎన్నికలు వస్తాయి. ఆ దారిలో ఏ మైలురాయి దగ్గర ఎంత ఉండాలో చెప్పే చట్టం లేకపోతే, ఆ తొమ్మిది ప్రభుత్వాల్లో ప్రతి ఒక్కటీ భారాన్ని తర్వాతి దాని మీదికి తోసేయవచ్చు. అందులో ఎవరినీ తప్పుపట్టడానికి కూడా వీలుండదు.

మాట ఎలా రూపు మారుతుందో చూపించే ఉదాహరణ మన కళ్ల ముందే ఉంది. గ్లాస్గోలో పంచామృతం పేరుతో అయిదు హామీలు ఇచ్చారు. వాటిలో 2030 నాటికి మన ఇంధన అవసరాల్లో 50 శాతం పునరుత్పాదక వనరుల నుంచి తీరుస్తామన్నది ఒకటి, 500 గిగావాట్ల శిలాజేతర (బొగ్గు, చమురు, గ్యాస్ కాని) విద్యుత్ సామర్థ్యం మరొకటి, వంద కోట్ల టన్నుల ఉద్గారాల తగ్గింపు ఇంకొకటి. 2022 ఆగస్టులో కేంద్ర మంత్రిమండలి ఆమోదించి ఐక్యరాజ్యసమితికి పంపిన అధికారిక పత్రంలో మొదటిది కాస్తా విద్యుత్ స్థాపిత సామర్థ్యంలో 50 శాతం శిలాజేతర వనరులదిగా మారింది, మిగతా రెండు అంకెలు లక్ష్యాల్లో చేరలేదు. అవసరాల్లో సగం వేరు, స్థాపిత సామర్థ్యంలో, అంటే పెట్టిన కేంద్రాలు గరిష్ఠంగా ఇవ్వగలిగిన దాంట్లో, సగం వేరు. ఆ సామర్థ్య లక్ష్యాన్ని అయిదేళ్లు ముందే, 2025లోనే అందుకున్నాం. అది నిజంగా గర్వపడాల్సిన విషయం. కానీ సౌర ఫలకం సాయంత్రానికి ఆగిపోతుంది, బొగ్గు బాయిలర్ రాత్రంతా మండుతుంది. అందుకే సామర్థ్యంలో సగం దాటినా, పుట్టే కరెంటులో పదింట ఏడు పాళ్లకు అటూఇటూగా ఇంకా బొగ్గుదే. ఈ మార్పులకు మంచి కారణాలు ఉండవచ్చు, ఆ పత్రం రాసిన అధికారులు తెలివైనవాళ్లే. నా ఫిర్యాదు ఒక్కటే. ఆ కారణాలను సభలో నిలబడి చెప్పాల్సిన అవసరం ఎవరికీ కలగలేదు, మంత్రిమండలి సమావేశంలో ఒక నిర్ణయం జరిగింది, మర్నాడు పత్రికల్లో వచ్చింది, అంతే.

ఇలాంటి పని పార్లమెంటు చేయగలదా అన్న సందేహం అక్కర్లేదు, మీ సభలే ఒకసారి చేసి చూపించాయి. 2003లో చేసిన ద్రవ్య బాధ్యత, బడ్జెట్ నిర్వహణ చట్టాన్ని గుర్తు చేసుకోండి. ప్రభుత్వం ఎంత అప్పు చేయవచ్చో హద్దు గీసి, రాబోయే ఏళ్ల అంచనాలను బడ్జెట్‌తో పాటే సభ ముందు పెట్టాలని, దారి తప్పితే ఎందుకు తప్పిందో వివరించాలని అది నిర్దేశించింది. ఆ హద్దును ప్రభుత్వాలు దాటలేదా అంటే, చాలాసార్లు దాటాయి. కానీ దాటిన ప్రతిసారీ ఆర్థికమంత్రి ఆ సంగతి సభలో ఒప్పుకోవాల్సి వచ్చింది, ద్రవ్యలోటు శాతం ఎంతో ఇవాళ పోటీ పరీక్షలు రాసే పిల్లలకు నోటికి వచ్చు. రూపాయి లోటుకు ఉన్న ఈ లెక్కాపత్రం కర్బనానికి ఎందుకు ఉండకూడదు? 2022లో ఇంధన పరిరక్షణ చట్టాన్ని సవరించి కర్బన క్రెడిట్ల మార్కెట్‌కు (తమ లక్ష్యం కంటే తక్కువ పొగ వదిలిన కర్మాగారాలు ఆ మిగులును అమ్ముకునే ఏర్పాటుకు) దారి వేసినప్పుడు మీలో కొందరు సభలోనే ఉన్నారు. ఒక సిమెంటు కర్మాగారాన్ని చట్టబద్ధమైన లక్ష్యానికి కట్టిపడేయగలిగిన దేశం, తన మొత్తం లక్ష్యాన్ని మాత్రం చట్టానికి బయట ఉంచుకుంది.

బ్రిటన్ సంగతి ఇక్కడ ప్రస్తావించాలి, మన పార్లమెంటు నమూనాకు మూలం అక్కడే ఉందన్నందుకు మాత్రమే కాదు, ఆ చట్టం ప్రజల ఒత్తిడి నుంచి పుట్టినందుకు. 2005లో ఫ్రెండ్స్ ఆఫ్ ది ఎర్త్ అనే సంస్థ 'బిగ్ ఆస్క్' పేరుతో ఒక ప్రచారం మొదలుపెట్టింది. వాళ్లు అడిగింది ఒకటే: ఉద్గారాలను ఏటేటా తగ్గించేలా ప్రభుత్వాన్ని కట్టడి చేసే చట్టం కావాలని. దాదాపు రెండు లక్షల మంది తమ తమ ఎంపీలకు ఉత్తరాలు రాశారు, నేరుగా వెళ్లి కలిశారు. 646 మంది సభ్యుల్లో 412 మంది ఆ కోరికను బలపరుస్తూ సభలో పెట్టిన ప్రతిపాదన మీద సంతకం చేశారు. ప్రభుత్వం మొదట తెచ్చిన బిల్లులో 2050 నాటికి 60 శాతం తగ్గింపే ఉండేది, ఒత్తిడి ఆగకపోవడంతో అది 80 శాతమైంది. 2008 అక్టోబరు 28న కామన్స్ సభలో చివరి ఓటింగు జరిగితే 463 మంది అవునన్నారు, కాదన్నవాళ్లు ముగ్గురే. ఆ రాత్రి లండన్‌లో మంచు కురిసిందట, అక్టోబరులో అది అరుదు. బయట మంచు పడుతుంటే లోపల భూమి వేడెక్కుతోందని ఓటేశారని కొందరు నవ్వుకున్నారు. ఒక రాత్రి చలికీ ముప్పై ఏళ్ల సగటుకీ తేడా తెలియని నవ్వు అది.

ఆ చట్టంలో మనం గమనించాల్సినది పెద్ద అంకె కాదు, దాని అమరిక. అయిదేళ్లకొక కర్బన బడ్జెట్, అంటే ఆ అయిదేళ్లలో దేశం మొత్తం ఎంత వదలవచ్చో చెప్పే హద్దు, ఉంటుంది, దాన్ని చాలా ఏళ్లు ముందే పార్లమెంటు ఆమోదించాలి. ప్రభుత్వంలో భాగం కాని నిపుణుల కమిటీ ఒకటి ఏటా ప్రగతిని కొలిచి నేరుగా పార్లమెంటుకు నివేదిక ఇస్తుంది, ప్రభుత్వం దానికి జవాబు చెప్పి తీరాలి. 2019లో లక్ష్యాన్ని నికర శూన్యానికి పెంచింది కన్సర్వేటివ్ ప్రభుత్వం, 2008లో చట్టం తెచ్చింది లేబర్ ప్రభుత్వం. ఇప్పుడు అదే కన్సర్వేటివ్ పార్టీ నాయకురాలు, అధికారంలోకి వస్తే ఆ చట్టాన్ని రద్దు చేస్తామని 2025 అక్టోబరులో ప్రకటించారు. చట్టం ఉన్నా ప్రయోజనం ఏముందని దీన్ని చూపించి అడగవచ్చు. నేను దీన్ని మరోలా చూస్తాను. అక్కడ వెనక్కి తగ్గాలంటే ఎన్నికల ముందు ప్రజలకు చెప్పాలి, గెలవాలి, సభలో బిల్లు పెట్టాలి, పేరు పేరునా ఓటు వేయాలి. అమెరికాలో ఆ బెడద లేదు, 2025 జనవరిలో అధ్యక్షుడు ప్రమాణస్వీకారం చేసిన రోజునే ఒక్క సంతకంతో ప్యారిస్ వాతావరణ ఒప్పందం నుంచి రెండోసారి బయటికి వెళ్లే ప్రక్రియ మొదలైంది. మన మాట ఏ రకంగా నిలబడాలని మీరు కోరుకుంటారో ఆలోచించండి.

నాకు తరచూ ఎదురయ్యే అభ్యంతరం ఒకటుంది, అందులో న్యాయం కూడా ఉంది. ఇంగ్లండు, అమెరికా రెండు వందల ఏళ్లు పొగ వదిలి ధనవంతులయ్యాయి, సగటు భారతీయుడి వాటా ప్రపంచ సగటులో సగం కూడా లేదు, అలాంటప్పుడు మన చేతులు మనమే ఎందుకు కట్టుకోవాలన్నది ఆ అభ్యంతరం. ఆ వాదనలోని ప్రతి అంకెతోనూ నేను ఏకీభవిస్తాను, తరగతిలో అదే చెప్పాను. కానీ చట్టం అంటే బ్రిటన్ లక్ష్యాన్ని ఎత్తుకొచ్చి ఇక్కడ అతికించడం కాదు. మన న్యాయమైన వాటా ఎంతో, ఎంతవరకు పెరగడానికి మనకు హక్కు ఉందో, ఏ సంవత్సరం నుంచి తగ్గడం మొదలవుతుందో మనమే లెక్క కట్టి, మన పార్లమెంటులోనే రాసుకోవడం. ధనిక దేశాలు ఇస్తామన్న నిధులు రాకపోతే మన బడ్జెట్ ఎలా మారుతుందో కూడా అందులోనే రాసుకోవచ్చు. చర్చల బల్ల దగ్గర మనల్ని వేలెత్తి చూపేవాళ్లకు దీనికంటే గట్టి జవాబు ఉండదు.

న్యాయస్థానం కూడా ఈ ఖాళీని గుర్తించింది. బట్టమేక పిట్టల కోసం రాజస్థాన్, గుజరాత్‌లలో విద్యుత్ తీగలను భూమిలోంచి వేయాలా వద్దా అన్న కేసులో, 2024 మార్చి 21 నాటి తీర్పులో సుప్రీంకోర్టు వాతావరణ మార్పు దుష్ప్రభావాల నుంచి రక్షణ పొందే హక్కు రాజ్యాంగంలోని 14, 21 అధికరణాల్లో ఉందని చెప్పింది. వాతావరణ మార్పు కోసమే ప్రత్యేకంగా చేసిన సమగ్ర చట్టం దేశంలో లేదని కూడా అందులో గమనించింది. హక్కు ఉందని కోర్టు అన్నాక, ఆ హక్కును ఎలా కాపాడాలో రాయాల్సిన వాళ్లు ఎవరో మీకు నేను చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు ఆ తల్లి ప్రశ్నకు వస్తాను. సంతకం పెడితే బాయి మూస్తారా? చట్టం వచ్చినా రాకపోయినా భూమిలో బొగ్గుకు ఒక ముగింపు ఉంది, సౌర విద్యుత్ ధరకూ బొగ్గు విద్యుత్ ధరకూ పోటీ ఎటు పోతోందో సింగరేణిలో పనిచేసేవాళ్లకు బాగా తెలుసు, ఆ సంస్థే సౌర విద్యుత్ కేంద్రాలు పెట్టుకుంది. కాబట్టి అసలు ప్రశ్న మూస్తారా లేదా అని కాదు, చెప్పి మూస్తారా, చెప్పకుండా మూస్తారా అన్నది. బ్రిటన్ చివరి బొగ్గు విద్యుత్ కేంద్రాన్ని 2024 సెప్టెంబరు 30న మూసింది. ఆ తేదీ ఏళ్ల ముందే తెలుసు, అక్కడి కార్మికులకు సిద్ధపడే సమయం దొరికింది. కానీ అదే దేశం 1984-85 సమ్మె తర్వాత గనులను మూసినప్పుడు వేల్స్, యార్క్‌షైర్ పల్లెలకు తగిన ప్రత్యామ్నాయం చూపించలేదు, ఆ ఊళ్లు నేటికీ పూర్తిగా కోలుకోలేదు. ఒకే దేశంలో రెండు పద్ధతులూ ఉన్నాయి. గోదావరిఖనికి, కొత్తగూడేనికి, భూపాలపల్లికి, మందమర్రికి మొదటి పద్ధతి కావాలి. ఉద్యోగుల్లో ఎవరు ఎప్పటి వరకు, వారసుల సంగతేమిటి, కాంట్రాక్టు కార్మికుల పరిస్థితి ఏమిటి, ఖాళీ అయిన భూమిలో ఏం రావాలి అన్నవి ఆ చట్టంలో ఒక అధ్యాయంగా ఉండాలి. అనుబంధంలో కాదు, మధ్యలో.

డబ్బు ఎక్కడిదని అడుగుతారు. 2010లో స్వచ్ఛ ఇంధనం పేరుతో టన్ను బొగ్గు మీద 50 రూపాయల సెస్సు వేశారు. 2016కల్లా అది 400 రూపాయలైంది. 2017లో జీఎస్టీ వచ్చాక అదే మొత్తాన్ని రాష్ట్రాలకు పరిహారం చెల్లించే సెస్సుగా మార్చారు, 2025 సెప్టెంబరులో ఎత్తేశారు. మా ప్రాంతం నుంచి వెళ్లిన ప్రతి టన్ను మీదా స్వచ్ఛ ఇంధనం పేరు చెప్పి మొదలైన పన్ను, చివరికి మా ప్రాంతపు భవిష్యత్తు కోసం కాకుండా వేరే ఖాతాలో కలిసింది. ఆ డబ్బు బొగ్గు ప్రాంతాలకేనని ఒక వాతావరణ చట్టంలో రాసి ఉంటే అలా దారి మళ్లించడం అంత తేలికయ్యేది కాదు.

కోస్తా సభ్యులకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. ఉప్పాడలో సముద్రం ఎన్ని వీధులను మింగిందో, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను ఏం చేసిందో మీరు దగ్గరుండి చూశారు. భౌతికశాస్త్రం చెప్పినవాడిగా ఒక మాట జాగ్రత్తగా అంటాను: ఏదో ఒక తుపానును వేలెత్తి చూపి ఇది వాతావరణ మార్పు వల్లే వచ్చిందనడం సరికాదు. వేడెక్కిన సముద్రం తుపానుకు ఎక్కువ శక్తినీ ఎక్కువ నీటినీ ఇస్తుందనడం మాత్రం సరైనదే. 2015 వడగాడ్పుల్లో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి వెయ్యి మందికి పైగా చనిపోయారు, దేశంలో ఆ ఏడాది ఎండకు ప్రాణాలు పోయినవాళ్లలో అత్యధికులు మనవాళ్లే. ఇంత నష్టపోయిన ప్రాంతం నుంచి వెళ్లిన అరవై మంది గొంతు ఈ విషయంలో వినపడకపోవడం నాకు వింతగా ఉంటుంది.

ఏం చేయాలో మీకు తెలియనిది కాదు. ప్రైవేటు సభ్యుల బిల్లులు, అంటే మంత్రులు కాని సభ్యులు తెచ్చే బిల్లులు, నెగ్గవని, 1970 తర్వాత ఒక్కటీ చట్టం కాలేదని మీలో ఒకరి కార్యాలయంలో నాకు ఓపికగా వివరించారు. ఎవరిదో చెప్పను, టీ కూడా ఇచ్చారు. అది నిజమే. కానీ సమాచార హక్కు కూడా ఒక్క రోజులో చట్టం కాలేదు. 1996లో రాజస్థాన్‌లోని బ్యావర్ పట్టణంలో మామూలు కూలీలు రోడ్డు మీద నలభై రోజులు కూర్చుని తమ పంచాయతీ లెక్కలు చూపించమన్నారు, తొమ్మిదేళ్ల తర్వాత 2005లో పార్లమెంటు దాన్ని దేశమంతటికీ ఇచ్చింది. బిల్లు నెగ్గకపోయినా, వేర్వేరు పార్టీల సభ్యులు కలిసి నిలబడిన బిల్లు సభ రికార్డులో ఉంటుంది, చర్చకు వస్తే ప్రభుత్వం దానికి జవాబు చెప్పాల్సి వస్తుంది. వచ్చే సమావేశాల్లో మీలో కనీసం ఒక్కో పార్టీ నుంచి ఒక్కరు కలిసి అలాంటి బిల్లు ప్రవేశపెట్టండి. అంతవరకు ఆగనక్కర లేకుండా, మన మొత్తం ఉద్గారాలు ఏ సంవత్సరంలో శిఖరానికి చేరతాయని ప్రభుత్వం అంచనా వేస్తోందో, బొగ్గు జిల్లాల కోసం ఏ ప్రణాళిక ఉందో రెండు నక్షత్ర ప్రశ్నలు వేయండి. సభలో మంత్రి నోటితో జవాబు వస్తే మేం దాన్ని పట్టుకుని మిగతా పని చేసుకుంటాం.

సంతకాల కాగితాలు నా దగ్గర ఒక స్కూలు సంచిలో ఉన్నాయి. ఆవిడ చివరికి సంతకం పెట్టింది, కానీ దాని పైన కొడుకు చేత ఒక వాక్యం రాయించింది: "బాయి బంద్ చేసేటట్టయితే ముందుగాల మా పిల్లగాని నౌకరి సంగతి చెప్పాలె." ఆ కాగితాన్ని మిగతా వాటికంటే పైన పెట్టాను. మీలో ఎవరు తేదీ ఇచ్చినా, ఢిల్లీ అయినా సరే, మా బృందం సొంత ఖర్చుతో వచ్చి అప్పగిస్తుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
గోదావరిఖని